పంబలో మునిగొచ్చిన పిల్లాడికి జ్వరం వస్తే తప్పు గురుస్వామిదేనా?

ఈసారి ఉత్తరం గోదావరి జిల్లాల నుంచి వచ్చింది. పేరు, ఊరు రాయొద్దన్నారు. రాసినాయనకి యాభై దాటాయి, చాలా ఏళ్లుగా మాల వేస్తున్నారు, ఊళ్లో అందరికీ గురుస్వామి. ఏటా ఒక బస్సు మాట్లాడి నలభై మంది దాకా స్వాముల్ని శబరిమల తీసుకెళ్లి తీసుకొస్తారు. మొన్నటి సీజన్లో ఆ బస్సులో ఆయన మేనకోడలి కొడుకు కూడా ఉన్నాడు. పదకొండేళ్ల కన్నెస్వామి, అంటే మొదటిసారి మాల వేసినవాడు. తండ్రి కూడా మాల వేసి వెంటే వచ్చాడు. పిల్లాడి తల్లి మాత్రం బయల్దేరే ముందు వాట్సాప్‌లో వచ్చిన ఒక వార్త చూపించి, "మావయ్యా, కేరళలో నీళ్లలో మెదడు తినే అమీబా ఉందంట, ముక్కులోకి నీళ్లు పోకుండా చూసుకోమని గవర్నమెంటే చెప్తోంది, వీడిని ముంచకండి" అని అడిగింది. ఈయన నవ్వి, "మన స్వామి చూసుకుంటాడమ్మా" అన్నారు.

అడవిలో నడిచి వెళ్లే పెద్దపాదం దారిలో వెళ్లారు. అళుదా నదిలో కన్నెస్వాములందరితో పాటు ఆ పిల్లాడూ మునిగి, అడుగునుంచి రాయి తీసుకున్నాడు. పంబా నదిలోనూ మూడు మునకలు వేశాడు. దర్శనం బాగా జరిగింది. తిరుగు దారిలో కన్యాకుమారి చూసుకుని మధురై చేరేసరికి పిల్లాడికి జ్వరం, తలనొప్పి. అప్పటికి నదిలో మునిగి నాలుగు రోజులు. డోలో వేశారు. రాత్రి రెండుసార్లు వాంతి అయింది. బస్సులో మిగతా వాళ్లు ఇళ్లకి వెళ్లాలి, పనులున్నాయి, తెల్లారాక చూద్దాంలే అని బస్సు నడిపించారు. తెల్లారేసరికి పిల్లాడు మెడ నొప్పంటూ మగతగా ఉన్నాడు. దారిలో ఒక ఆసుపత్రిలో చూపిస్తే అక్కడి డాక్టరమ్మ మొదటే ఎక్కడ స్నానం చేశాడని అడిగి, వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చెయ్యాలన్నారు. తండ్రి భయపడిపోయాడు. వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయని ఎవరో చెప్పిన మాట మనసులో ఉంది, భాష సరిగ్గా అర్థం కాలేదు, డబ్బు ఎంతవుతుందో తెలీదు. పరీక్ష వద్దని సంతకం పెట్టి, కారు మాట్లాడుకుని పిల్లాడిని సొంతూరి వైపు తీసుకొచ్చేశాడు. సుమారు పధ్నాలుగు గంటల ప్రయాణం. ఇక్కడ ఆసుపత్రిలో చివరికి అదే పరీక్ష చేశారు. వైరస్ వల్ల వచ్చిన మెదడు పొరల వాపు అని తేలింది, అమీబా లేదు. పది రోజులకి పిల్లాడు మామూలు మనిషయ్యాడు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు.

మేనకోడలు మాత్రం ఈయనతో మాట్లాడటం మానేసింది. "తెలిసి తెలిసి నా కొడుకుని నీళ్లలో ముంచారు" అని అందరి ముందూ అంది. ఈయన అడుగుతున్నవి ఇవి. అమీబా కాదని రిపోర్టు వచ్చింది కదా, ఇంకా నా తప్పేమిటి? అసలు ఈ జబ్బు ఏమిటి, దాన్ని ఎలా కనిపెడతారు, మందుందా? పిల్లాడి ఒంట్లో ఏమైనా దాగి ఉండి మళ్లీ లేస్తుందా? ఈ ఏడు గురుస్వామిగా తప్పుకోవాలా, లేక పిల్లల్ని వదిలేసి పెద్దవాళ్లనే తీసుకెళ్లాలా? చివర్లో ఇంకో చిన్న ప్రశ్న కూడా వేశారు, దానికి చివర్లోనే చెప్తాను.

గురుస్వామి గారూ,

ముందు పిల్లాడి సంగతి తేల్చేస్తాను, ఎందుకంటే మిగతా మాటలు మీ చెవికెక్కాలంటే ఆ భయం పోవాలి. మీ అందరినీ భయపెట్టిన అమీబా పేరు నేగ్లేరియా ఫౌలరి. అది ముక్కులోకి వెళ్తే 1 నుంచి 12 రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి, ఎక్కువ మందిలో 5 రోజుల అటూ ఇటూ. మొదలయ్యాక మనిషిని రోజుల్లోనే పడగొడుతుంది. ఒంట్లో నెలల తరబడి నిద్రపోయి లేచే రకం కాదది. మీ పిల్లాడు ఇన్ని నెలలుగా ఆడుకుంటూ బడికి వెళ్తున్నాడంటే ఆ అధ్యాయం అయిపోయింది. ఎకాంతమీబా అని ఇంకో రకం ఉంది, అది నెమ్మదిగా వారాలూ నెలలూ తీసుకుంటుంది, కానీ ఎక్కువగా రోగనిరోధక శక్తి తగ్గిపోయిన వాళ్లని పట్టుకుంటుంది. మీరు రాసిన రిపోర్టుని బట్టి ఆ అనుమానానికి కూడా చోటు లేదు. బస్సులో పక్కన కూర్చున్న వాళ్లకి అంటుకోదు, ఇంట్లో వాళ్లకీ అంటుకోదు, ఆ టెన్షన్ కూడా వదిలేయండి.

ఇక ఈ జబ్బు ఏమిటంటే, ఈ అమీబా వెచ్చటి మంచినీళ్లలో, అడుగు బురదలో సొంతంగా బతికే జీవి, దానికి మన అవసరమే లేదు. 46 డిగ్రీల వేడిలో కూడా హాయిగా పెరుగుతుంది. సముద్రపు నీళ్లలో ఉండదు, క్లోరిన్ సరిగ్గా కలిపిన నీళ్లలో బతకదు. తాగితే ఏమీ చేయదు, కడుపులోకి వెళ్తే దాని పని అయిపోతుంది. ముక్కు పైభాగంలోకి నీళ్లు గట్టిగా ఎక్కినప్పుడు మాత్రం, వాసన తెలిపే నరం పట్టుకుని, ముక్కు పైన జల్లెడలా చిల్లులున్న పల్చటి ఎముక దాటి మెదడులోకి చేరుతుంది. 1965లో ఆస్ట్రేలియాలో ఫౌలర్, కార్టర్ అనే ఇద్దరు పాథాలజిస్టులు ఈ మరణాల గురించి మొదట రాశారు, ఫౌలరి అన్న పేరు అలా వచ్చింది. అమెరికాలో 1962 నుంచి 2024 వరకూ 167 మందికి వస్తే బతికింది నలుగురు. అంటే వందలో తొంభై ఏడు మందికి పైగా పోయారు. అదే సమయంలో ఇంకో లెక్క కూడా చూడండి, అన్ని కోట్ల మంది ఈతలు కొట్టే దేశంలో అరవై ఏళ్లలో 167 మందే. అరుదు, కానీ వస్తే ప్రాణాంతకం. ఈ రెండిట్లో ఒకటే పట్టుకుంటే మీ మేనకోడలిలా వణికిపోతాం, లేదా మీలా నవ్వేస్తాం.

కేరళ సంగతి కొంచెం వేరు. అక్కడ మొదటి కేసు 2016లో అలప్పుళలో బయటపడింది. తర్వాత ఏడాదికి ఒకటీ అరా. 2024లో ఒక్కసారిగా 36 కేసులు, 9 మరణాలు. 2025 సెప్టెంబరు మధ్యకల్లా ఆ ఏడాది లెక్క 69 కేసులు, 19 మరణాలు, ఆ తర్వాత ఇంకా పెరిగింది. చెరువులో దిగని వాళ్లకి, ఇంట్లో బావి నీళ్లతో స్నానం చేసిన వాళ్లకి కూడా వచ్చేసరికి ప్రభుత్వం బావుల్లో క్లోరిన్ కలిపించే కార్యక్రమం పెట్టింది. నవంబరులో మండల సీజన్ మొదలయ్యే ముందు శబరిమల భక్తులు నదిలో స్నానం చేసేటప్పుడు ముక్కులోకి నీళ్లు పోనివ్వొద్దని చెప్పింది. కర్ణాటక ప్రభుత్వం కూడా తమ భక్తులకి అదే మాట చెప్పింది. మీ మేనకోడలు మీకు చూపించింది ఊహాగానం కాదు స్వామీ, సరైన సమాచారమే.

కేరళలో చనిపోయిన వాళ్ల శాతం మిగతా ప్రపంచం కంటే చాలా తక్కువ కనిపిస్తుంది, గమనించారా? అందులో నేగ్లేరియా కాని అమీబాలు కూడా కలిసి ఉన్నాయి కాబట్టి నేరుగా పోల్చలేం. అయినా అసలు విషయం ఒకటుంది, అక్కడి డాక్టర్లు వెతుకుతున్నారు. మెదడువాపు అనుమానం ఉన్న ప్రతి మనిషి వెన్ను నీటినీ అమీబా కోసం చూడటం అలవాటు చేసుకున్నారు. వెతికిన చోట దొరుకుతుంది, దొరికితే మందు తొందరగా పడుతుంది. 2024లో కోళికోడ్ జిల్లాలో పధ్నాలుగేళ్ల అబ్బాయి బతికి బయటపడ్డాడు. మన దేశంలో నేగ్లేరియా నుంచి బతికిన మొదటి వాడని అప్పుడు వార్తల్లో వచ్చింది. ఆ కథలో నాకు నచ్చేది మందుల భాగం కాదు. ఆ పిల్లాడి తండ్రి ఈ జబ్బు గురించి సోషల్ మీడియాలో చదివి ఉన్నాడు, కొడుక్కి బాగా లేకపోగానే ఆసుపత్రికి తీసుకెళ్లి "మావాడు చెరువులో స్నానం చేశాడు" అని తనే డాక్టర్లకి చెప్పాడు. ఆ ఒక్క ముక్క చెప్పకపోతే ఆ జ్వరం అందరి జ్వరంలాగే మొదటి రెండు రోజులూ పారాసిటమాల్ మీద గడిచిపోయేది.

ఎందుకంటే దీన్ని పైకి చూసి ఎవరూ కనిపెట్టలేరు. జ్వరం, భరించలేని తలనొప్పి, వాంతులు, తర్వాత మెడ బిగుసుకోవడం, మగత, తికమకగా మాట్లాడటం, మూర్ఛలు. కొందరికి మొదట్లో వాసన, రుచి తేడాగా అనిపిస్తాయి. వాసన, రుచి సంగతి తప్ప ఇవన్నీ మామూలు బ్యాక్టీరియా మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) లక్షణాలే. సీటీ స్కాన్ మొదట్లో ఏమీ లేనట్టే రావచ్చు. వెన్ను నీరు తీసి చూసినా చీము కణాలు పెరిగి, చక్కెర తగ్గి, ప్రొటీన్ పెరిగి అచ్చం బ్యాక్టీరియా జబ్బులాగే ఉంటుంది, బ్యాక్టీరియాని చూడటానికి మామూలుగా వేసే గ్రామ్ అనే రంగులో అమీబా పట్టుబడదు. అందుకని తాజాగా తీసిన నీటి చుక్కని వెంటనే, ఫ్రిజ్‌లో పెట్టకుండా, వెచ్చగా ఉన్నప్పుడే మైక్రోస్కోప్ కింద పెట్టి కదులుతున్న అమీబా ఉందా అని చూడాలి. ఫ్రిజ్‌లో పెడితే అది కదలడం మానేస్తుంది, అప్పుడు తెల్లకణానికీ దానికీ తేడా చూడటం కష్టం. ఆ తర్వాత క్రిమి జన్యువుల్ని గుర్తుపట్టే పీసీఆర్ పరీక్షతో ఏ రకమో ఖాయం చేస్తారు. కేరళ వాళ్లు మొదట్లో దీనికి నమూనాలు చండీగఢ్‌లోని పీజీఐ అనే పెద్దాసుపత్రికి పంపేవాళ్లు, ఇప్పుడు తిరువనంతపురంలోనే చేస్తున్నారు. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, కేరళ బయట ఈ పనుల్లో ఒక్కటి కూడా "ఈ పిల్లాడు నీళ్లలో మునిగాడు" అని ఎవరో ఒకరు చెప్తే తప్ప ల్యాబ్ వాడికి తట్టదు. దారిలో మీకు తగిలిన ఆ డాక్టరమ్మ మీరు చెప్పకుండానే తనే అడిగింది. ఆమె పేరు తెలిస్తే ఒక కార్డు రాయండి.

వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్న భయం మన దగ్గర చాలా లోతుగా ఉంది, పిల్లాడి తండ్రిని నేను తప్పుపట్టను. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది, సూది దానికంటే కింద, నరాల పోగులు నీళ్లలో తేలుతూ ఉండే చోట గుచ్చుతారు. తర్వాత ఒకటి రెండు రోజులు తలనొప్పి, నడుం నొప్పి ఉండొచ్చు. కాళ్లు పడిపోయిన వాళ్లని చూశామని జనం చెప్పేది చాలావరకు అసలు జబ్బు వల్ల పడిపోయినవే, పరీక్ష మీద నింద పడింది. మెదడులో ఒత్తిడి బాగా పెరిగిందని అనుమానం ఉంటే మాత్రం ముందు స్కాన్ చేసి ఆలోచిస్తారు, అది డాక్టర్ చూసుకునే విషయం.

మందు ఉందా అంటే, ఉంది, కానీ "ఈ మాత్ర వేస్తే తగ్గుతుంది" అనేంత మందు లేదు. యాంఫోటెరిసిన్ బి అనే ఫంగస్ మందు నరంలోకి, కొన్నిసార్లు నేరుగా వెన్ను నీటిలోకి కూడా ఇస్తారు. దానితో పాటు రిఫాంపిసిన్, అజిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్, మెదడువాపు తగ్గడానికి డెక్సామెథసోన్. వీటికి తోడు మిల్టెఫోసిన్ అనే క్యాప్సూల్. ఇది మన దేశంలో 2002 నుంచీ కాలా అజార్ జ్వరానికి వాడుతున్నదే, అమీబా మీద కూడా పనిచేస్తుందని తర్వాత తెలిసింది. కేరళ ప్రభుత్వం 2024లో దీన్ని జర్మనీ నుంచి కూడా తెప్పించుకుంది. యాంఫోటెరిసిన్ కిడ్నీలని ఇబ్బంది పెడుతుంది, పొటాషియం పడిపోతుంది, మిల్టెఫోసిన్‌తో వాంతులు, గర్భిణులకి పనికిరాదు. అంటే ఐసీయూ ఉన్న పెద్ద ఆసుపత్రిలో రోజూ రక్తపరీక్షలు చేస్తూ ఇవ్వాల్సిన వైద్యం ఇది. అమెరికాలో 2013 వేసవిలో ఇద్దరు పిల్లలు బతికారు. అర్కన్సాకి చెందిన పన్నెండేళ్ల అమ్మాయికి జబ్బు మొదలైన ఒకటిన్నర రోజు లోపే రోగం తెలిసింది, మందులన్నీ పడ్డాయి, ఒంటిని చల్లబరిచి మెదడు ఒత్తిడి తగ్గించారు, పూర్తిగా కోలుకుంది. రెండో పిల్లాడు ఎనిమిదేళ్ల వాడు, కొన్ని రోజులు ఆలస్యంగా మందు మొదలైంది, ప్రాణం దక్కింది కానీ మెదడు దెబ్బతింది. దాదాపు అవే మందులు, పెద్ద తేడా ఆలస్యంలో కనిపిస్తుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వస్తాను. రిపోర్టులో అమీబా లేదు కాబట్టి నా తప్పు లేదు అంటున్నారు. మీ మేనకోడలు అమీబా వచ్చే పని చేశారు కాబట్టి తప్పంతా మీదే అంటోంది. రెండూ ఒప్పుకోలేకపోతున్నాను. మీ ఉత్తరంలో మూడు వేరు వేరు సంగతులు ఒకే ముద్దగా ఉన్నాయి.

మొదటిది, ముంచడం. ఏటా లక్షల మంది అక్కడ మునుగుతారు. నవంబరు, డిసెంబరు నెలల్లో పారే నదిలో ప్రమాదం నిజంగా తక్కువ. పిల్లాడికి వచ్చిన వైరస్ కూడా నది నుంచే వచ్చిందని చెప్పలేం, నలభై మంది ఒకే బస్సులో దగ్గుతూ తుమ్ముతూ తిరిగారు. కాబట్టి "నా కొడుకుని జబ్బు చేయించారు" అన్న మాట న్యాయం కాదు. అయితే ఒక తల్లి ప్రభుత్వ హెచ్చరిక చూపించి ఒక చిన్న కోరిక కోరింది. ఒప్పుకోనైనా ఒప్పుకోవాల్సింది, కుదరదని కారణమైనా చెప్పాల్సింది. స్వామి చూసుకుంటాడని మీరన్నది మీకు భక్తి, ఆమెకి మాత్రం "నీ భయం నాకు లెక్కలేదు" అని వినిపించింది. పైగా అళుదాలో అడుగునుంచి రాయి తీయడం అంటే తల లోపలికి పెట్టి, బురద కదిపి, ఊపిరి బిగబట్టిన పిల్లాడు పైకి లేస్తూ ముక్కుతో నీళ్లు పీల్చడం. చెయ్యొద్దని చెప్పిన పని సరిగ్గా అదే.

రెండోది, ఆ రాత్రి బస్సు. నాకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించింది ఇదే, మీ ఉత్తరంలో దీని గురించి రాసింది రెండు వాక్యాలే. జ్వరం, తలనొప్పి, వాంతులు కలిసి వచ్చిన పిల్లాడిని మధురై లాంటి పెద్ద ఊళ్లో, ఆసుపత్రులు చుట్టూ ఉన్న చోట చూపించకుండా చీకట్లో హైవే ఎక్కించారు. అమీబా సంగతి అటుంచండి, బ్యాక్టీరియా మెనింజైటిస్ అయితే గంటలు లెక్క. అడవిలో నడిచి, నదిలో మునిగి వచ్చిన వాళ్లకి ఎలుక జ్వరం, స్క్రబ్ టైఫస్, డెంగీ, మలేరియా లాంటివి అమీబా కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తాయి, వీటికి చవకైన మందులున్నాయి, ఆలస్యం చేస్తే ఇవీ చంపుతాయి. ఆ రాత్రి నిర్ణయం తండ్రిది కూడా, మీ ఒక్కరిదే కాదు. కానీ బస్సు ఆపాలా వద్దా అని నలభై మంది చూసింది మీ మొహం వైపే కదా.

మూడోది, పరీక్ష వద్దని సంతకం పెట్టి రావడం. ఇది మీ నిర్ణయం కాదు, తండ్రిది. అక్కడ కనీసం మొదటి డోసు యాంటీబయాటిక్ వేయించుకుని, అంబులెన్సులో బయల్దేరి ఉంటే పధ్నాలుగు గంటల ప్రయాణం అంత జూదం అయ్యేది కాదు. ఇలాంటి చోట మంచి డాక్టర్లు చేసేది అదే, ఏ క్రిమి అని తేలకముందే బ్యాక్టీరియాకి, వైరస్‌కి, నీళ్ల చరిత్ర ఉంటే అమీబాకి కూడా కలిపి మందులు మొదలుపెట్టేసి, రిపోర్టులు వచ్చాక అక్కర్లేనివి ఆపేస్తారు.

కాబట్టి తప్పెవరిదని తూకం వేస్తే మీ వాటా ఉంది, కానీ మీ మేనకోడలు చూపిస్తున్న చోట కాదు. ఆమెతో మాట ఎలా కలపాలో అడగలేదు మీరు, అయినా అడిగినట్టే ఉంది. రిపోర్టు పట్టుకుని "చూడమ్మా, అమీబా కాదు" అని వెళ్తే తలుపు వేసేస్తుంది, ఎందుకంటే ఆ పధ్నాలుగు గంటలు ఆమె ఫోన్ పట్టుకుని కూర్చున్నది అమీబా అనుకునే. మీ అక్కగారి చేత చెప్పిస్తే మాట కలవచ్చు, కానీ పెద్దల ఒత్తిడికి తలొంచినట్టు ఉంటుంది, పండక్కి పలకరింపు వరకే మిగులుతుంది. మీరే వెళ్లి, నువ్వు అడిగినప్పుడు నవ్వి ఉండకూడదు, ఆ రాత్రి బస్సు ఆపి ఉండాల్సింది అని రెండే మాటలు చెప్పి, నదిని గానీ స్వామిని గానీ వాదనలోకి తేకుండా వచ్చేయొచ్చు. ఆ రోజే కరుగుతుందని నేను చెప్పలేను. వెంటనే మాట్లాడకపోయినా ఆమె దగ్గర ఉన్న కోపానికి ఆధారం తగ్గుతుంది. నాకైతే ఇదే మేలనిపిస్తోంది. మీ ఇంటి సంగతి మీకే బాగా తెలుసు.

ఇక ఈ ఏటి యాత్ర. తప్పుకోవడం ఒక దారి. మీకు మనశ్శాంతి దొరుకుతుంది, కానీ బస్సు ఆగదు, వేరే వాళ్లెవరో తీసుకెళ్తారు, వాళ్లకి మీకు తెలిసినంత కూడా తెలీదు. పిల్లల్ని తీసుకెళ్లను అనడం రెండో దారి. నేగ్లేరియా పిల్లల్ని, కుర్రాళ్లనే ఎక్కువగా పట్టుకుంటుంది కాబట్టి దీనికి అర్థం ఉంది. అయితే కేరళలో పెద్దవాళ్లకీ వచ్చింది, పిల్లలు లేరు కదా అని జాగ్రత్తలు గాలికి వదిలేసే ప్రమాదమూ ఉంది, మొక్కుకున్న తల్లిదండ్రులు పిల్లల్ని ఇంకో బస్సు ఎక్కిస్తారు. మూడో దారి, పిల్లలతోనే వెళ్లడం, కానీ పద్ధతి మార్చడం. తల ముంచక్కర్లేదు, చెంబుతో పోసుకోవచ్చు, మెడ వరకూ దిగి చేత్తో తల తడుపుకోవచ్చు. మునిగి తీరాలనే పెద్దలు ముక్కు గట్టిగా మూసుకోవాలి, ఈత సామాన్ల షాపుల్లో దొరికే ముక్కు క్లిప్పు ఇంకా మంచిది. అళుదాలో రాయి పెద్దవాళ్లెవరైనా ఒడ్డు దగ్గర తీసి పిల్లాడి చేతిలో పెట్టొచ్చు. ఆచారం రీత్యా ఇది సరిపోతుందా అన్నది మీ గురువుల్ని అడగండి, ఆ విషయంలో తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

ఒక్కటి మాత్రం అందరూ మర్చిపోతారు. పంబ కంటే నాకు భయం, దారిలో బస్సు ఆపి ఎక్కడపడితే అక్కడ దిగే చెరువులూ, గుంటలూ, పాచి పట్టిన కోనేళ్లూ. కదలకుండా ఎండకి వేడెక్కే నీళ్లు అవి. మన ఊళ్లలో వేసవిలో పిల్లలు దూకే వ్యవసాయ బావులూ, క్లోరిన్ వేయని స్విమ్మింగ్ పూళ్లూ కూడా ఆ కోవలోవే, కేరళ ఒక్కదాన్నీ చూసి భయపడి ఇక్కడ ధైర్యంగా ఉండటంలో అర్థం లేదు.

మూడో దారి పట్టేట్టయితే బయల్దేరే ముందే తల్లిదండ్రులతో కూర్చుని ఒక విషయం తేల్చుకోండి, జ్వరంతో పాటు తలనొప్పి, వాంతులు ఉంటే బస్సు దగ్గర్లోని పెద్ద ఊళ్లో ఆగుతుంది, ఎవరి పనులు ఆగినా సరే, డాక్టర్ వెన్ను నీరు తియ్యాలంటే తీయించుకుంటాం అని. ఒప్పుకోని వాళ్లు వేరే ఏర్పాటు చేసుకోవచ్చు, అలా బస్సులో కొందరు తగ్గుతారు కూడా. ఏ రోజు ఏ నీళ్లలో దిగారో ఫోన్‌లో రాసి పెట్టుకోమనండి. ఇంటికొచ్చాక కూడా పన్నెండు రోజుల దాకా జ్వరం వస్తే ఊళ్లో డాక్టర్‌కి మొదటి వాక్యంగా "శబరిమల వెళ్లొచ్చాం, ఫలానా తేదీన నదిలో మునిగాడు" అని చెప్పాలి. భాష రాని చోట ఇదే ముక్క ఇంగ్లీషులో రాయించిన కాగితం జేబులో ఉంటే చాలు. ఈ కాగితానికయ్యే ఖర్చు ఏమీ లేదు, మీ ఊరి బస్సుకే కాదు, పక్క ఊరి గురుస్వాములకీ ఇవ్వండి.

మీ చివరి ప్రశ్న, సీసాలో తెచ్చుకున్న పంబ తీర్థం ఇంట్లో ఉంది, పారబోయాలా అని. పారబోయక్కర్లేదు, చిలకరించుకోండి, ఈ అమీబా అలా రాదు. తాగడం మాత్రం వద్దు, లక్షల మంది స్నానం చేసిన నీళ్లతో టైఫాయిడ్, కామెర్లు రావడానికి అమీబా అవసరం లేదు. మీ బృందంలో ఎవరైనా సైనస్ కోసం రోజూ జలనేతి (ఒక ముక్కు రంధ్రంలో నీళ్లు పోసి ఇంకో దాంట్లోంచి వదలడం) చేస్తుంటే వాళ్లకి ఇంకో మాట చెప్పండి. 2011లో అమెరికాలోని లూసియానాలో ఇద్దరు ఇదే జబ్బుతో పోయారు, వాళ్లు ఏ నదిలోనూ దిగలేదు, ఇంట్లో కుళాయి నీళ్లతో నేతి చేసుకున్నారు. ముక్కులో పోసుకునే నీళ్లు బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగించి చల్లార్చినవే అయ్యుండాలి, ఆ చెంబు కూడా వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.